పండగ వెళ్ళాక మోగిన డప్పు

రంజాన్ పండగ వెళ్ళిన మర్నాటి రాత్రి, మూడు గంటలకి సైదా ఊరి పాత వీధిలో డప్పు మోగింది.

ఇబ్తిసామ్ ఉలిక్కిపడి లేచింది. నెల పొడుగునా, తెల్లారక ముందు ఉపవాసానికి తినే సహరీకి లేపిన డప్పే. కానీ ఉపవాసాలు అయిపోయాయిగా! యుద్ధమో, భూకంపమో అనుకుని పాస్‌పోర్టుల సంచి చంకన పెట్టుకుంది.

"ఏవండీ, లేవండీ! కొంప మునిగింది!"

మున్జిర్ లేచి తల పట్టుకున్నాడు. "నెలవంకని తప్పుగా చూసినట్టున్నారే! ఇంకా ఉపవాసాలు అవలేదు. నేనేమో పన్నెండు ఖర్జూరం బిస్కెట్లు తినేశాను!"

"పన్నెండా? నాతో నాలుగన్నారు! మీ షుగర్ ఏం కాను?"

వంటింట్లో అత్తగారు అప్పటికే రొట్టె, జున్ను నోట్లో కుక్కుకుంటోంది. "మాటలాపి తినండి. తెల్లారితే మంచినీళ్ళు కూడా ఉండవు!"

కింద నుంచి కేక వినబడింది. డప్పు కొట్టేవాడు ఇంటింటి పెద్దనీ పేరు పెట్టి లేపడం వాడుక. ఈ రాత్రి మాత్రం ఒక్కటే పేరు.

"రిహాబ్! లే, రిహాబ్!"

ఇబ్తిసామ్ బాల్కనీకి పరుగెత్తింది. తెల్లారితే కూతురు రిహాబ్‌ని ఖాయం చేసుకోవడానికి కువైట్ సంబంధం వాళ్ళు వస్తున్నారు.

రిహాబ్ అప్పటికే అక్కడ నవ్వాపుకుంటోంది. కింద వాయెల్. ఏటా డప్పు కొట్టే తాతకి మోకాళ్ళ నొప్పులని ఈ ఏడు డప్పు పట్టుకున్న లెక్కల మాస్టారు.

"ఏమిటే ఇది? వీధంతా లేచింది. ఇంక మన పరువు పోయినట్టే!"

"నేనేం చేయనమ్మా? ఈ రాత్రిలోగా ఇంటికొచ్చి అడగకపోతే కువైట్ వాళ్ళకి సరేనంటానన్నాను. పగలు ఎదురుపడితే ఆయనకి నోరు పెగలదు. డప్పు ఉంటేనే ధైర్యం."

"మరి నీకూ ఇష్టమేనా?"

రిహాబ్ తల దించుకుంది. "నెలంతా ఆ డప్పు కంటే ముందే లేచి కూర్చున్నానమ్మా."

ఇబ్తిసామ్ కిందికి వంగింది. "బాబూ! ఆ డప్పు పక్కన పెట్టి అడుగు."

వాయెల్ పెట్టేశాడు. ఇంక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అమ్మా... మీ అమ్మాయిని... నాకు..." చివరికి గోడ పట్టుకున్నాడు.

"అయ్యో, పడిపోయేట్టున్నాడు! తల పగిలితే ఆ పాపం మనకే! నీళ్ళు పట్టుకెళ్ళవే!"

మాట పూర్తయ్యేలోగా మెట్ల మీద పరుగు వినబడింది. నీళ్ళ గ్లాసు బల్ల మీదే ఉంది.

మున్జిర్ ఆవలించాడు. "పొద్దున్న కువైట్ వాళ్ళకేం చెప్పమంటావ్?"

"చెప్పులు కూడా వేసుకోకుండా దిగిపోయిందని చెప్పండి."