మద్దిలేటి చేను

మా అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే. "పీఎస్పీ మంచిదా, పాత గేమ్‌బాయ్ మంచిదా?" చేతిలో పట్టుకుని ఆడుకునే ఆ మిషన్లు మా రాయచోటికి కువైట్ పెట్టెల్లో వస్తాయి. చెడిపోతే నా బల్ల మీదికి వస్తాయి. నా పేరు శ్రీవాసవి. నాన్నది గడియారాల అంగడి, అందులో ఒక మూల నాది. ఆడపిల్లకు సోల్డరింగ్ ఏమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే ఇప్పుడు నా దగ్గర కాచుకుని కూర్చుంటారు.

నా జవాబూ ఒకటే. పీఎస్పీ సోకు చూసి మురిసిపోవద్దు. చీకట్లో ధగధగా వెలుగుతుంది. మన ఎండలో మాత్రం అందులో మీ ముఖం తప్ప ఏమీ కనబడదు. కడపకు పోయి వచ్చేలోగా చార్జింగు ఖాళీ. పాతదానికి తెరలో దీపమే లేదు, కానీ రెండు పెన్సిల్ సెల్లులతో పదిహేను గంటలు ఆడుతుంది. వెలుతురు మనమే చూపించాలి. వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే భుజం మీదుగా తెర మీద పడుతుంది. లోపం లేని మిషను ఏదీ లేదు, దానికి తగ్గట్టు కూర్చోవడం తెలియాలి.

రెండువేల ఏడు, మే నెల. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. నాన్న భోజనానికి పోయాడు. అప్పుడు వచ్చింది రామసుబ్బమ్మ. ఆమె భర్త మద్దిలేటి కువైట్‌లో కారు డ్రైవరు. రెండు నెలల కింద నిద్రలోనే పోయాడు. అతని పెట్టెలో వచ్చిన గేమ్‌బాయ్‌ని కొంగులో చుట్టి తెచ్చింది.

"దీంట్లో ఆయప్ప చేను ఉండాది, వాసవమ్మా. అది పోకుండా చూడు."

ఊళ్లో నాలుగు బోర్లు వేసినా చుక్క పడక, చెనక్కాయ పంట ఎండిపోయి, అప్పుల కింద చేను పోగొట్టుకుని దేశం విడిచిన మనిషి. అక్కడ డ్యూటీ దిగాక ఈ మిషన్‌లోని పొలం ఆటలో సేద్యం చేశాడు. ఇందులో వానలు పడతాయి. ఫోన్ చేసినప్పుడల్లా 'ఈపొద్దు టమేటా కోసినా' అని ఆమెకు చెప్పేవాడట.

మిషన్‌లో పెట్టిన ఆట దొంగ క్యాసెట్టు, అసలు కంపెనీది కాదు. ఆడినదంతా లోపలి బటన్ సెల్లు బలం మీదే నిలబడుతుంది. ఆ సెల్లు ఇప్పుడు చావడానికి సిద్ధంగా ఉంది. పీకితే చేను పోతుంది. దానికీ ఉపాయముంది. మిషను ఆడుతుండగానే క్యాసెట్టు విప్పి సెల్లు మార్చాలి. ఆ కాస్త సేపు పెన్సిల్ సెల్లులే చేనును మోస్తాయి. మధ్యలో తెర మీద బొమ్మ కదలడం మానేసిందంటే అంతా పోయినట్టే.

వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాను. రామసుబ్బమ్మ నాకెదురుగా, వీధి వైపు చూస్తూ కూర్చుంది. పాత సెల్లు ఊడదీశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నాన్న బల్ల మీది స్పిరిట్ దీపం నేనే వెలిగించి, సోల్డరింగ్ కడ్డీ మొన ఆ మంటలో పెట్టాను. ఇంతలో మిషను మీది పచ్చ దీపం ఎర్రబడింది. పెన్సిల్ సెల్లులు కూడా అయిపోతున్నాయి.

తెర మీద నీడ పడింది.

"జరుగప్పా! ఎల్తురుకు అడ్డం నిలబడినావు," అన్నాను తల తిప్పకుండా.

నీడ జరిగింది.

"ఎవురితో మాట్లాడతాండావు?" రామసుబ్బమ్మ గొంతు తగ్గించి అడిగింది. "నీ ఎనక ఎవురూ లేరే..."

మళ్లీ నీడ. ఈసారి దగ్గరగా... తడిమట్టి వాసన వేసింది. ఆ ఏడు మాకు చినుకు పడలేదు. నీడకు నల్లబడిన తెరలో నా ముఖం, నా భుజం పైన ఇంకో తల కనబడ్డాయి.

"అక్కా... మొగమనిషి."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయప్పే. చేను చూసుకోను వచ్చినాడు." లేచి నా పక్కకు వచ్చింది. వంగి తెరలోకి చూసింది. నా జబ్బ పట్టుకున్న చేయి బిగుసుకుపోయింది.

"వాసవమ్మా... ఈయప్ప మావోడు కాదు."

భయం వేసింది, దాచడమెందుకు. కానీ భయానికి మించి కోపం వచ్చింది. పెళ్లాం మొగుడి కోసం కన్నీళ్లు పెడితే పరాయివాడు వచ్చి నిలబడతాడా?

"ఎవురివైనా కానీ," అన్నాను. "నా అంగట్లో పని లేనోళ్లు నిలబడగూడదు. పో!"

సీసం కరిగింది. కొత్త సెల్లు అంటుకుంది. తెర మీద వెలుగు పడింది. వెనక్కి తిరిగి చూశాను, ఖాళీ వీధి... తెల్లటి ఎండ.

మిషను ఆర్పి, పెన్సిల్ సెల్లులు మార్చి మళ్లీ వేశాను. చేను ఉంది! టమేటా సాళ్లు, ఆవు, బావి, బావి దగ్గర మద్దిలేటి పేరుతో ఉన్న రైతు బొమ్మ. వాన పడుతోంది. రామసుబ్బమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది.

తర్వాత ఇద్దరం ఒకేసారి చూశాం. చేను గట్టు మీద ఇంకొకడు... మనకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నిన్న ఇంట్లో చూసినప్పుడు ఈడు లేడు," అంది ఆమె.

"ఆర్పేయ్ అక్కా."

"ఆర్పను." మిషను నా చేతిలోంచి లాక్కుంది. "ఆయప్ప ఉన్న చేను పోగొట్టుకున్నాడు. ఇది గూడా ఎవునికో ఇడిచిపెట్టల్లనా?"

నా కుర్చీలో కూర్చుని బాణం గుర్తు నొక్కింది. మద్దిలేటి టమేటా సాళ్ల మధ్య నడిచాడు.

"ఇది మా చేను. పోతావా, పోవా?"

గట్టు మీదివాడు మెల్లగా ఇటు తిరిగాడు. ముఖం ఉండాల్సిన చోట నాలుగు చుక్కలు, అంతే.

రామసుబ్బమ్మ బాణం గుర్తు మీది నుంచి బొటనవేలు తీసి, పైకెత్తి నాకు చూపించింది. మద్దిలేటి ఆగలేదు... వాడి వైపు నడుస్తూనే ఉన్నాడు.