ఆపరేషన్ టిఫిన్ క్యారియర్

మొదటి వేటు మెడ మీద పడింది. రెండోది పడేలోపు హర్ష స్కూటర్ మీంచి రోడ్డు మీదికి దొర్లాడు.

2003 మే నెల. నంద్యాల సంజీవనగర్‌లో పాలవాళ్ళు తిరిగే వేళ. సుమోలోంచి దిగిన ముగ్గురూ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. పని కానిచ్చి, జనం దగ్గరికి రాకుండా ఒక నాటుబాంబు విసిరి, ఆ పొగలోనే సుమో ఎక్కి వెళ్ళిపోయారు.

వీధి మలుపులో టీ తాగుతున్న మద్దిలేటి గ్లాసు పారేసి పరుగెత్తాడు. శిల్పి కంట్రోల్స్ కంపెనీలో అతను టెస్టింగ్ ఇంజనీరని అందరికీ తెలుసు. దేశపు గూఢచారి విభాగంలో ఏజెంటని తెలిసినవాళ్ళు తక్కువ. అదే కంపెనీలో పనిచేసే హర్ష ఆ తక్కువమందిలో ఒకడు, అతనికి స్నేహితుడు.

"లైన్ కొయ్యొద్దప్పా..." హర్ష నోట్లోంచి మాటతో పాటు రక్తమూ వస్తోంది. "పవర్ తియ్యొద్దు. తీస్తే గేట్లు లేస్తాయి. వరసలో అన్నిటికన్నా ముందర ఎవురో దొంగ హ్యాండ్లర్‌ని దూర్చినారు. మధ్యాన్నం పన్నెండుకు... నువ్వు ముందుగా సర్వర్‌ని పట్టుకో. చెయ్యి తియ్యొద్దు."

అంతే. తల ఒరిగిపోయింది.

మద్దిలేటికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. చేతుల రక్తం హర్ష చొక్కాకే తుడిచి లేచాడు.

గాంధీచౌక్ వెనక సందులో ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. షట్టర్ సగం దించి ఉంది.

"మూడు హెచ్‌పీ మోటారు కాలిపోయింది," అన్నాడు మద్దిలేటి.

"ఎట్ల కాలింది?" లోపలి గొంతు.

"వానకు తడిసి."

మే నెలలో నంద్యాలకు వానెక్కడిది? తెలియనివాడు నవ్వేవాడు. షట్టర్ లేచింది.

లోపల రాగి తీగల కట్టల మధ్య చీఫ్ దావీదు కూర్చుని ఉన్నాడు. పాణ్యం మనిషి, నవ్వును పొదుపుగా వాడతాడు. పక్కన సుజాత. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్టల్. ఆమె కూడా విభాగం ఏజెంటే. శిల్పి కంట్రోల్స్‌లో సాఫ్ట్‌వేర్ డిజైనర్‌గా నాటారు. ఆమె నడిచొస్తే ఆ కంపెనీలో కీబోర్డులన్నీ ఒక్క క్షణం ఆగేవి.

"టార్గెట్ నల్లగుట్ట రెగ్యులేటర్," అన్నాడు దావీదు. "ఆళ్ళగడ్డ అవతల, కాలవకు అడ్డంగా గేట్లు పెట్టిన కట్ట. తాగునీళ్ళు నిండుగా ఆపినారు. గేట్లను నడిపే కంట్రోలర్ మీ కంపెనీదే."

"శత్రువు?"

"బ్రాంట్ అని ఒక విదేశీ ముఠా నాయకుడు. యా దేశం పాస్‌పోర్ట్ అడిగితే ఆ దేశానిది చూపిస్తాడు. డ్యాముల గేట్లను దూరం నుంచి లేపే సరుకు అమ్ముతాండాడు. ఈ పొద్దు డెమో. పన్నెండుకు."

"డెమోకి రుజువేంది సార్?"

"గేట్ల కింద కాలవలో పూడిక తీస్తాండే కూలీలు."

దొర్నిపాడు కూలీల జట్టుతో మద్దిలేటి అక్క తిరుపాలమ్మ ఆ కాలువలోనే ఉంది. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క.

ఆ కంట్రోలర్ డబ్బాలో ఒక బుల్లి వెబ్ సర్వర్ ఉంది. దాన్ని రాసింది హర్షే. అందులో ఒక్కో పని చేసే ప్రోగ్రాం ముక్క పేరు హ్యాండ్లర్. గేటు ఎత్తు చూపడానికి ఒకటి, లేపడానికి ఒకటి, దించడానికి ఒకటి. బయటి నుంచి ఆదేశం, అంటే రిక్వెస్ట్, రావడం మొదలవగానే సర్వర్ వరసగా ఒక్కొక్క హ్యాండ్లర్‌నూ "ఇది నీదా?" అని అడుగుతుంది. ముందుగా "నాదే" అన్నదాని చేతిలో పెడుతుంది. ఆ హ్యాండ్లర్ మొత్తం చదివి, పని ముగించి, చెయ్యి తీసేదాకా సర్వర్ ఇంకో రిక్వెస్ట్‌ను ముట్టదు. తర్వాత వచ్చినవి వాకిట్లో కూర్చోవాల్సిందే. హర్ష తండ్రిది ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు. ఒకడు ఉలి ఆనించిన రాయిని వాడు చెయ్యి తీసేదాకా ఇంకొకడు ముట్టరాదన్నది ఆ షెడ్డు కట్టుబాటు. ఆ కట్టుబాటే హర్ష సర్వర్‌కూ హ్యాండ్లర్లకూ మధ్య రాసిన ఇంటర్‌ఫేస్‌లోకీ తెచ్చుకున్నాడు.

రివ్యూ మీటింగ్‌లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. రిక్వెస్ట్ పంపడం సాగదీసేవాణ్ణి సర్వర్ బయటికి గెంటాలని, మొత్తం మీద ఒక టైమర్ పెట్టాలని సుజాత పట్టుబట్టింది. ఇంజనీరుగా ఆమె చెప్పింది తప్పేం కాదు. "మన పల్లెల్లో ఫోన్ లైన్ల సంగతి నీకు తెలీదు మేడం," అన్నాడు హర్ష. "అక్షరం అక్షరం వచ్చినా ఓపిక పట్టాల. పది లెక్కపెట్టేలోపు ఇంకో అక్షరం వస్తే చాలు, కాచుకోనుండనీ."

ఇప్పుడు మద్దిలేటికి ఆ గొడవ వేరేగా వినిపించింది. హ్యాండ్లర్ల వరసలో చెయ్యి పెట్టగలిగింది ఇద్దరే. ఒకరు చచ్చిపోయారు. రెండోవారు ఎదురుగా కూర్చుని లిప్‌స్టిక్ సరిచేసుకుంటున్నారు.

ఇక్కడే పట్టుకుంటే? ఆమె నుంచి కబురు అందకపోతే అవతల బ్రాంట్ పన్నెండుదాకా ఆగడు. మద్దిలేటి నోరు మూసుకున్నాడు. దావీదు ఇచ్చిన ల్యాప్‌టాప్ తీసుకున్నాడు, దాంతో పాటు ఒక స్టీలు టిఫిన్ క్యారియర్. సుజాత జీపు స్టార్ట్ చేయడానికి బయటికి వెళ్ళగానే దావీదు చెవిలో ఒక్క మాట చెప్పాడు.

"మీరు కాలవకు పోండి సార్. నేను పైన సర్వర్‌ని పట్టుకుంటా. ఆ యమ్మ మన మనిషి కాదు."

దావీదు కళ్ళు ఆర్పలేదు. "చెవిలో రేడియో పెట్టుకో," అన్నాడు.

నల్లగుట్ట గేట్‌హౌస్ చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. చేత్తో గేట్లు తిప్పే చక్రాలు అప్పటికే ఊడబెరికి ఉన్నాయి. కాపలావాడు వాకిట్లో గొంతు తెగి పడి ఉన్నాడు, ఈగలు ముసురుతున్నాయి.

"నువ్వు తలుపు కాడ చూడు," అన్నాడు మద్దిలేటి. సుజాత అటు తిరిగింది. అతను ల్యాప్‌టాప్ వైరు కంట్రోలర్‌కు తగిలించాడు, అందరికీ కనిపించేలా. క్యారియర్ అడుగు గిన్నెలోంచి సన్నటి తీగ లాగి డబ్బా వెనక గుచ్చాడు, ఎవరికీ కనిపించకుండా. ఆ గిన్నెలో ఒక టెర్మినల్, దానికి ఒకే బటన్. ఒక నొక్కుకు ఒక అక్షరం పోతుంది. పై గిన్నెలో నిజంగానే సంగటి, గోంగూర పచ్చడి. మొదటి అక్షరాలు వెళ్ళిపోయాయి. సర్వర్ అతని చేతికి చిక్కింది.

"అయిందా?" వెనక నుంచి సుజాత.

"అయింది. పట్టుకున్నా."

"పాపం," అంది సుజాత. ఆమె పిస్టల్ పేలి ల్యాప్‌టాప్ ముక్కలైంది. రెండో గుండు మద్దిలేటి కుడి భుజం చీల్చుకుంటూ పోయింది. అతను గోడకు కొట్టుకుని, క్యారియర్ పక్కనే కూలబడ్డాడు.

"హర్షకి చెప్పాను, టైమర్ పెట్టమని," అందామె కళ్ళద్దాలు తీస్తూ. "పెట్టుంటే బతికేవాడు. నరసింహులూ, వీణ్ణి చూసుకో. నేను కట్ట మీద ఉంటా. బ్రాంట్ సార్ జీపులో ఎదురు చూస్తున్నారు."

వేటకొడవలితో లోపలికొచ్చినవాడు దిట్టంగా ఉన్నాడు. మెడలో వెంకటేశ్వరస్వామి లాకెట్టు, చొక్కా మీద పొద్దుటి రక్తం. అది హర్ష రక్తమని మద్దిలేటికి చెప్పనక్కర్లేకపోయింది.

కొడవలి లేచింది. మద్దిలేటి ఎడమ చెయ్యి సంగటి గిన్నెలోకి పోయింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నరసింహులు కొడవలి గాలిలోనే ఆగింది.

"ఏందప్పా అది?"

"బువ్వ. పొద్దున్నుంచి తినల్యా."

నరసింహులు ముఖం ముడుచుకుంది. ముఠాకక్షల్లో ఎదిగినవాడు. బస్సులోంచి లాగి నరికాడు, గుడి మెట్ల మీద నరికాడు. కానీ అన్నంలో చెయ్యి పెట్టినవాణ్ణి మాత్రం వాడి తండ్రీ నరకలేదు, వాడూ నరకలేదు. ఆ ఒక్క నియమం తప్పితే వంశం అన్నానికి మొగం వాచి చస్తుందని వాడి భయం.

"బిర్నా తిను, జాగు చెయ్యొద్దు," అని గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. "ఎడం చేత్తో తింటాండావేంది?"

"కుడిది మీ మేడం కాల్చె గదన్నా."

ఆ దెబ్బతిన్న కుడి చేతి వేలు గిన్నె కింద బటన్ మీద ఉంది. భుజం నుంచి కారిన నెత్తురు మణికట్టు దాటి వేలిని జారేలా చేస్తోంది. ముద్ద పెట్టుకో, నములు, నొక్కు. మద్దిలేటి పుట్టి ఇంత నిదానంగా ఎప్పుడూ తినలేదు.

పన్నెండయింది. కట్ట మీది జీపులో బ్రాంట్ శాటిలైట్ ఫోన్‌కు తగిలించిన ల్యాప్‌టాప్‌పై మీట నొక్కాడు. గేట్లు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. బూతులు గేట్‌హౌస్ దాకా వినిపించాయి. అతని రిక్వెస్ట్ సర్వర్ వాకిట్లో బుద్ధిగా కూర్చుని ఉంది.

చెవిలో రేడియో గరగరలాడింది. దావీదు గొంతు, దాని వెనక ఆడవాళ్ళ అరుపులు.

"మద్దిలేటీ, వీళ్ళు పైకి రామంటాండారప్పా! కొలత పడకుండా గుంత ఇడిసిపెట్టి రామంటాండారు!"

ఆ తర్వాత వినిపించిన గొంతు మద్దిలేటికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. "నీళ్ళొస్తాయని ఎవురన్నా చెప్పొచ్చు సారూ! పొద్దుటాలనుంచి తవ్వినాము, కొలత పడకుంటే కూలి రాదు. ముందు టేపు పట్టు!"

అక్కా, లేచి రా అక్కా. నోటినిండా సంగటి పెట్టుకుని మద్దిలేటి లోలోపల మొత్తుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గోంగూర కారమా?" అన్నాడు నరసింహులు జాలిగా.

రేడియోలో దావీదు దేవుణ్ణి తలుచుకోవడం, టేపు ఎవడిదిరా అని అరవడం, గుంతలు కొలుస్తూ పరుగెత్తడం వినిపించాయి. కొలత పడినవాళ్ళు పారా గంపా సర్దుకుని గట్టెక్కుతున్నారు. గిన్నెలో సంగటి అడుగంటింది. మద్దిలేటి వేళ్ళు నాకాడు. గిన్నె నాకాడు. ఇక నాకడానికి ఏమీ లేదు.

నరసింహులు లేచాడు. "అయిపాయె గదా. కండ్లు మూసుకో."

కొడవలి దిగింది. మద్దిలేటి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు తెగి సంగటి గిన్నెలో పడ్డాయి. కుడి వేలు బటన్ వదల్లేదు. మళ్ళీ కొడవలి లేచింది. మద్దిలేటి రెండు కాళ్ళూ ముడిచి నరసింహులు మోకాలి మీద తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు. వాడు మీద పడి గొంతు పట్టుకున్నాడు. మద్దిలేటి వాడి చెవి కొరికేశాడు. తెగిన చేత్తోనే స్టీలు మూత అందుకుని, దాని అంచు వాడి గొంతుగుంటలో దిగేదాకా కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. పొద్దున సంజీవనగర్‌లో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఏడుస్తూనే కొట్టాడు. వాడు కదలడం మానేసినా వేలు మాత్రం బటన్ నొక్కుతూనే ఉంది.

"ఖాళీ!" చెవిలో దావీదు. "కాలవ ఖాళీ! మీ యక్కే ఆఖరు. ఎక్కింది!"

మద్దిలేటి కిటికీలోంచి కిందికి చూశాడు. కట్ట మీది దారికి రెండు వైపులా దావీదు వెంటబెట్టుకొచ్చిన విభాగం మనుషులు తుపాకులతో అడ్డం నిలిచారు. మధ్యలో చిక్కిన బ్రాంట్ జీపు అటూ ఇటూ ఊగి, వేరే దారి లేక మట్టి ర్యాంపు మీదుగా ఖాళీ కాలువలోకి దూకింది. స్టీరింగ్ మీద సుజాత. ఎర్ర చున్నీ గాలికి ఎగురుతోంది. గేట్ల కింద, పూడిక తీసిన నున్నటి కాలువలో జీపు హైవే మీద పోయినట్టు పోతోంది.

వాళ్ళ రిక్వెస్ట్ ఇంకా వాకిట్లోనే ఉంది.

మద్దిలేటి హర్షను తలుచుకున్నాడు. ఆ తర్వాత బటన్ మీంచి చెయ్యి తీశాడు.

సర్వర్ పది లెక్కపెట్టింది. అతణ్ణి వదిలేసింది. వాకిట్లో ఉన్నదాన్ని లోపలికి పిలిచి, వరసలో మొట్టమొదటి హ్యాండ్లర్‌ను "ఇది నీదా?" అని అడిగింది. నాదే, అంది సుజాత రాసిన హ్యాండ్లర్. గేట్‌హౌస్ వణికింది. గేట్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.

సుజాత వెనక్కి తిరిగి చూడడం కిటికీలోంచి కనిపించింది. నీళ్ళు జీపును లేపి సిమెంటు గోడకేసి కొట్టాయి, మళ్ళీ లేపి మళ్ళీ కొట్టాయి. మూడోసారి కొట్టడానికి జీపంటూ ఏమీ మిగల్లేదు.

దావీదు మెట్లెక్కి వచ్చేసరికి మద్దిలేటి తెగిన చేతికి తువ్వాలు చుట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. దావీదు గిన్నెలోకి చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"గేట్లు లేపిందెవురు?"

"వాళ్ళే సార్. ఆర్డర్ వాళ్ళది, హ్యాండ్లర్ వాళ్ళది. నేను చెయ్యి తీసినానంతే."

"రిపోర్ట్‌లో ఏం రాయాల?"

"హర్ష ఇంటర్‌ఫేస్ టెస్టింగ్ పాసయిందని రాయండి సార్."

మెట్ల మీద చెప్పులు లేని కాళ్ళ చప్పుడు. తిరుపాలమ్మ వచ్చింది, ఒంటినిండా ఒండ్రు. తమ్ముణ్ణి చూసింది, చేతిని చూసింది. కొంగు చించి తువ్వాలు మీద ఇంకో కట్టు గట్టిగా కట్టింది. అతని తల పొట్టకు అదుముకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత ముక్కు చీది, దావీదు వైపు తిరిగింది.

"సారూ, నా గుంత అర అడుగు తక్కువ కొలిచినావు. నీళ్ళు తీసినాక మళ్ళీ టేపు పట్టాల."