క్లెయిముకు పెట్టిన పేరు

కాస్పర్ రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వెనకాల అతని పికప్ బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి కక్కుతోంది. నా కాలు బ్రేకు మీదకు పోనంటే పోనంది.

"ఆపవేం?" అంది నోరీన్.

"ఆపుతున్నాగా!"

వైట్‌హార్స్ నుంచి డాసన్‌కు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. ఈ దారిలో ఆగిపోయిన బండిని చూసి కూడా దాటిపోయినవాడితో కెనడా ఉత్తర కొసన మా యూకాన్‌లో ఎవరూ మాట్లాడరు. ఎవరైనా సరే, ఎక్కించుకోవాల్సిందే. ఆ 'ఎవరైనా'లో కాస్పర్ కూడా ఉంటాడని నేనెప్పుడూ ఆలోచించలేదు.

రెండేళ్లుగా నోరీన్‌కు ఒక మాట చెప్పాలని చూస్తున్నాను. ఇవాళ నా క్యాంపర్ వ్యాన్‌లో మేమిద్దరమే, ఆరేడు గంటల ప్రయాణం. ఇంతకంటే మంచి అదను దొరకదని గడ్డం కూడా గీసుకుని బయల్దేరాను. గీసుకున్న గడ్డానికి ఫలితం ఆరడుగుల కాస్పర్.

"దేవుడిలా వచ్చావు గురూ!" అంటూ ఎక్కాడు. సీటు చాలక నోరీన్ మధ్యకు జరిగింది. ఎటు జరిగిందో నేను అంగుళాల్లో కొలిచాను. అటూ ఇటూ సమానంగానే ఉంది, అదే నాకు మండింది.

నెల కిందట వాళ్లిద్దరూ ఒకే వాగు మీద, పక్కపక్కనే, కొయ్యలు పాతి, బంగారం తవ్వుకునే క్లెయిములు గుర్తు పెట్టుకున్నారు. ముప్పై రోజుల్లో డాసన్ గనుల ఆఫీసులో రాయించుకోకపోతే ఆ నేల మీద హక్కు పోతుంది. గడువు ఇవాళ నాలుగింటి వరకే. పంపు బాగు చేయించుకోవడానికి నా షెడ్డుకు వచ్చిన నోరీన్ తేదీ చూసుకుని గగ్గోలు పెడితే నేను క్యాంపర్ తీశాను. బంగారం వెతికేవాళ్లంతా ఇంతే. వాగులో దిగారంటే క్యాలెండర్ మర్చిపోతారు.

వాన సన్నగా మొదలైంది. వైపర్ కీచుమంటోంది.

"క్లెయిముకు ఏం పేరు పెట్టావు కాస్పర్?" అన్నాను, నోరు ఊరుకోక.

ప్రతి క్లెయిముకూ ఒక పేరుండాలి, దాన్ని కొయ్య మీద రాయాలి. కొందరు కుక్క పేరు పెడతారు, కొందరు తల్లి పేరు. పెళ్లికాని కుర్రాళ్లు ఎవరి పేరు పెడతారో మా వైపు అందరికీ తెలుసు.

కాస్పర్ నోరీన్ వంక చూసి నవ్వాడు. "మంచి పేరే. నోరీన్ చూసింది."

"చూశాను. బంగారంలాంటి కొయ్య, పాడుచేశావు," అంది ఆమె. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"మరి నీ కొయ్య చూడనివ్వకుండా గోనెపట్టా కప్పేశావే?"

"ఎవరికి చూపించాలో వాళ్లకే చూపిస్తాను."

స్టీరింగ్ నలిగిపోయేలా పట్టుకున్నాను.

స్టూవర్ట్ క్రాసింగ్ దగ్గర డీజిల్ పోయించాను. కాస్పర్ కాఫీ తెస్తానని లోపలికి పోయాడు. నోరీన్ క్యాంపర్ వెనక భాగంలో రొట్టె కోస్తోంది. నా చెయ్యి దానంతటదే తాళం తిప్పింది. వీడు నాలుగింటికి చేరకపోతే ఆ కొయ్య మీది పేరు వానకు కొట్టుకుపోతుంది, పీడా పోతుంది.

రెండు వందల మీటర్లు వెళ్లాను. అద్దంలో చూస్తే కాస్పర్ పరిగెత్తుకొస్తున్నాడు, ఒలక్కుండా మూడు కప్పులు పట్టుకుని. రెండు కాదు, మూడు.

తిట్టుకుంటూ బండి వెనక్కి పోనిచ్చాను.

"ఎక్కడికి గురూ?"

"బ్రేకులు చూశాను."

"బాగానే ఉన్నాయా బ్రేకులు?" అంది నోరీన్ వెనకనుంచి.

"ఉన్నాయి."

"సంతోషం. లేకపోతే నేనే దిగిపోయేదాన్ని."

మళ్లీ ముందుకొచ్చి మా మధ్య కూర్చుంది. కాస్పర్ కాఫీ తాగేసి, కిటికీకి తల ఆనించి గురక మొదలుపెట్టాడు. నిద్రలో కూడా అందంగానే ఉన్నాడు వెధవ.

"ఆ మొహం ఎందుకలా గంటు పెట్టుకున్నావు?" అడిగింది మెల్లగా.

"అంత అందగాడు పక్కనుంటే నా మొహం నీకెందుకు?"

"అబ్బో! కుళ్లా?"

"కుళ్లే. పొద్దుటినుంచీ కుళ్లి చస్తున్నాను. ఏం చేస్తావు?"

నోరీన్ రొట్టె ముక్క తుంచి నా నోట్లో కుక్కింది. "నోరు మూసుకుని నాలుగింటికల్లా చేర్చు."

నాలుగుకు పది నిమిషాలుండగా చేరాం. కౌంటర్ వెనక పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"క్లెయిము పేరు?"

"నోరీన్," అన్నాడు కాస్పర్, వెనక్కి తిరిగి ఆమెను చూస్తూ.

ఊహించిందే. అయినా వినలేక బయటికి పోదామని తలుపు మీద చెయ్యి వేశాను.

నోరీన్ తన కాగితం ముందుకు తోసింది. పెద్దావిడ పైకే చదివింది. "హ్యూగో. ఏం పేరమ్మాయ్ ఇది? కుక్కదా?"

"కాదండీ. అదుగో, గుమ్మంలో మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడే, అతనిది."

తలుపు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ పెద్ద మ్యాప్ పరిచింది. వాగు మెలిక దగ్గర రెండు గళ్లలో రెండు పేర్లు రాసింది. నోరీన్. హ్యూగో. మధ్యలో ఒక్క గీతే.

కాస్పర్ చాలాసేపు మ్యాప్ చూశాడు. తర్వాత నా భుజం మీద గట్టిగానే చరిచాడు. "నన్ను స్టూవర్ట్ క్రాసింగ్‌లోనే వదిలేసి పోవాల్సింది గురూ. నీ పేరు పక్క గడి ఖాళీగా ఉండేది."

"నేను వదిలేసి పోవడం చూశావా?"

"నాకూ కళ్లున్నాయి. నువ్వు బండి వెనక్కి తెచ్చిందీ చూశాను." నవ్వడానికి ప్రయత్నించి, చలికోటు వేసుకుని బయటికి వెళ్లాడు. వెళ్తూ తలుపు నెమ్మదిగా మూశాడు. ఆ మనిషి మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

"నోరీన్, రెండేళ్లుగా నీకు ఒక మాట..."

"తెలుసు. కొయ్య మీద నీ పేరు కత్తితో చెక్కాను కూడా. ఇంకేం చెప్తావు?" అంది. మళ్లీ వెంటనే, "అయినా చెప్పు. వింటాను," అంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"నాలుగింటికి మూసేస్తాం," అంది పెద్దావిడ, ముద్ర గాలిలోనే ఆపి.

ఇంకా రెండు నిమిషాలుంది. చెప్పేశాను.