అవతలి దుకాణం వ్యాను

"నన్ను ఇమ్మని అడగడానికి వచ్చినవాడివి గుమ్మంలోనే నిలబడిపోయావేం?" అంది ఆమె గొంతు తగ్గించి.

"తాళాలు లోపల ఉండిపోయాయి."

"ఏ లోపల?"

అతను వేలు చూపించాడు. దుకాణం ముందు వానలో అతని పాత వ్యాను. తాళంచెవుల గుత్తి స్టీరింగు పక్కన వేలాడుతోంది. వైపర్లు మాత్రం ఏమీ జరగనట్టు అటూ ఇటూ ఊగుతున్నాయి.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వీధిలో తాళాలు బాగుచేసే దుకాణాలు రెండే. ఇటువైపుది వాళ్ళ నాన్నది, ఎదురుగా ఉన్నది ఇతనిది. ఇస్త్రీ చొక్కా తడిసిపోతుందని నలభై అడుగుల దూరానికి వ్యాను వేసుకొచ్చాడు మహానుభావుడు. పనిముట్లు వ్యానులో. దుకాణం తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే.

"నాన్న చూస్తే ఇంకేమైనా ఉందా? తన వ్యాను తాళమే చూసుకోలేనివాడికి పిల్లనెలా ఇస్తానంటారు. సాయంత్రం నన్ను చూడ్డానికొచ్చే ఆ ఇంజనీరు సంబంధం వాళ్ళకి మాట ఇచ్చేస్తారు."

"అందుకే, ఆయన చూసేలోపు నువ్వు తీసెయ్యి."

ఆమె సన్నటి ఇనపచువ్వ పట్టుకుని వానలోకి పరుగెత్తింది. డ్రైవరు తలుపు అద్దం సందులోంచి చువ్వ దూర్చింది. రోజూ కళ్ళు మూసుకుని చేసే పనే. ఇవాళ మాత్రం రెండుసార్లు జారింది.

"మెల్లగా, ఆకురాయీ. కొంచెం ఎడమకి" అన్నాడతను. తాళంచెవులు అరగదీసే ఆకురాయి ఆమె నాలుక కంటే మెత్తనిదని మూడేళ్ళుగా అతని అభిప్రాయం.

"లోపల పెట్టి తలుపేసినవాళ్ళు సలహాలివ్వకూడదు."

"ఎవరి బండమ్మా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. నాన్న గొడుగు వేసుకుని, బేరానికొచ్చినవాడిలా వ్యాను చుట్టూ తీరిగ్గా ఒక ప్రదక్షిణ చేశాడు. అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"తమరెవరో?"

ఎదుటి దుకాణం బోర్డుకు లైట్లు పెట్టిన రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా "అవతలి దుకాణం" అని సణుక్కునే మనిషే ఇలా అడుగుతున్నాడు.

"ఎదురు దుకాణం అండి."

"ఓహో. బండి మీదేనని కాగితాలున్నాయా?"

"ఉన్నాయండి. వ్యానులో."

"అయితే ఫారం నింపాలి. మా దగ్గర అది పద్ధతి. అమ్మాయీ, ఆ చువ్వ తీసేసి ఫారం పట్రా."

ఆ పద్ధతి ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు. ఒకసారి ఎవరో ఇద్దరు స్నేహితులమని చెప్పి, నాన్న చేతే తాళం తీయించి, మూడోవాడి కారు పట్టుకుపోయారు. అప్పటి నుంచి కాగితాలు లేకపోతే ఎవరైనా హామీ ఇవ్వాలి. స్నేహితుల హామీ చెల్లదు.

"ఈయనకి హామీ ఎవరు?" ఆమె తెచ్చిన ఫారం అందుకుని, కళ్ళజోడు పైనుంచి అడిగాడు నాన్న.

అతను ఖాళీ వీధి అటూ ఇటూ చూశాడు.

"నేను" అంది ఆమె.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళే!" నాన్న శ్రద్ధగా రాసుకున్నాడు. "యజమానికి ఏమవుతావు?"

అతను గొంతు సవరించుకున్నాడు. "అది నేను చెబుతానండి..."

"హామీ ఇచ్చేవాళ్ళే చెప్పాలి."

ఆమె కలం లాక్కుంది. రాస్తుంటే ముక్కు మీంచి వాననీళ్ళు కాగితం మీద పడ్డాయి. కాబోయే భార్య. రాసి, నాన్న ముఖం చూడకుండా అందించింది.

నాన్న చదివాడు. ఇంకోసారి చదివాడు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని, వ్యాను వెనక్కి నడిచి, వెనక తలుపు పిడి పట్టి లాగాడు.

తెరుచుకుంది.

"చువ్వ ముట్టుకునే ముందు అన్ని తలుపులూ లాగి చూడమని పదేళ్ళుగా చెబుతున్నాను. ఒకరు కాదు, ఇద్దరు తాళాలవాళ్ళు! బుర్రలు ఎక్కడ పెట్టారర్రా?"

"వచ్చినప్పుడే చూశారా నాన్నా?" అంది ఆమె.

"చూడక? అడగందే మీరు చెప్పేలా ఉన్నారా?" నాన్న వ్యానులోకి వంగి, పనిముట్ల మీదున్న చిన్న పెట్టె అందుకున్నాడు. "ఇదేంటోయ్?"

'మీరు' కాస్తా ఒక్కసారిగా 'ఓయ్' అయిపోయింది.

"మా షట్టరుకి రెండో తాళంచెవండి. మీ చేతికిచ్చి, అప్పుడు అడుగుదామని. నేనే కోశాను."

నాన్న పెట్టె తెరిచి, తాళంచెవి పళ్ళ మీద బొటనవేలు నడిపించాడు.

"మూడో పన్ను ఎక్కువ అరిగింది."

"సరిచేస్తానండి."

"నువ్వేం సరిచేస్తావు? లోపలికి రా, చూపిస్తాను." తాళంచెవి ఫారం ఉన్న జేబులోనే వేసుకున్నాడు. "ముందు ఆ ఇంజనీరు వాళ్ళకి రావద్దని ఫోన్ చెయ్యాలి."

మామగారి గొడుగు కిందికి దూరే తొందరలో అతను వ్యాను సంగతే మరిచిపోయాడు. ఆమె వెనక తలుపులోంచి పాకి వెళ్ళి, వైపర్లు ఆపి, గుత్తి తీసుకుంది. తిరిగి ఇవ్వాలని మాత్రం అనిపించలేదు. ఇకమీదట అవి తన దగ్గరుంటేనే క్షేమం.