మూడు దిక్కుల కోత

ఏన్కూరు మెయిన్ రోడ్డుకు తెల్లవారిందని చెప్పేవి రెండు. ముత్తక్క హోటల్ పొయ్యి పొగ, దాని ఎదురుగా మన్సూర్ దుకాణంలో కటింగ్ మిషన్ చప్పుడు. పొగ కళ్లు మండిస్తే చప్పుడు చెవులు తెరిపిస్తుంది. మన్సూర్ ముప్పై ఒక్క ఏళ్లుగా పుస్తకాలకు బైండింగ్ చేస్తున్నాడు. రోజంతా కాగితాలు కోస్తాడు గాని ఒక్కనాడూ కోతలు కోయడు. పినపాక నుంచి ఎర్రుపాలెం దాకా ఎన్నో బడుల హాజరు పట్టీలు ఆయన చేతి అట్టలు తొడుక్కున్నవే.

ఆయనకు పేరు తెచ్చినవి మాత్రం పాత పాఠ్యపుస్తకాలు. అన్న చదివి వదిలేసిన పుస్తకం చెల్లెలి చేతికి వెళ్లే ముందు మన్సూర్ దగ్గరికి వస్తుంది. అంచుల నిండా అన్న గీసిన మీసాలు, క్రికెట్ స్కోర్లు, కొత్తగా నేర్చిన తిట్లు. మన్సూర్ దాన్ని విప్పి, కుట్టి, అట్ట వేసి, వెన్ను తప్ప మిగతా మూడు దిక్కులా కత్తి దించుతాడు. మీసాలు రాలిపోతాయి, తిట్లు తెగిపోతాయి, పుస్తకం మళ్లీ పసిపిల్ల అవుతుంది. మూడు దిక్కుల కోత పడనిదే ఏ పుస్తకమూ తన దుకాణం గడప దాటదు. అది ఆయన ఇజ్జత్.

ఆ గురువారం పొద్దున గడప దాటిన పుస్తకం ఆయన కూతురిదే.

నజియా హైదరాబాదులో పీహెచ్‌డీ నాలుగో ఏడు. చదువు పేరు సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం. అందులో కంప్యూటర్ పేరుకే, పనంతా పెన్సిలుకే. ఫలానా రకం లెక్కను ఎంత గొప్ప మిషన్ తెచ్చి పెట్టినా ఇంతకంటే జల్దీగా తేల్చలేరు అని ఆమె రుజువు చేయాలి. జల్దీగా తేలదని తేల్చడానికే నాలుగేళ్లు పట్టిందంటే, ఆ చదువు ఎంత నిజాయితీ గలదో మీరే చూడండి.

ఆ పుస్తకం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. ఆరువందల నలభై పేజీలు. పేజీకో నాలుగు చుక్కలు, వాటిని కలిపే గీతలు, మధ్యన ఇంగ్లిషు, గ్రీకు అక్షరాల గుంపు. చుక్కల ముగ్గుల పుస్తకమనుకుని ముత్తక్క ఒకసారి అడిగి పట్టుకుపోయి, అరగంటలో తిరిగి ఇచ్చింది. నజియాకు నోటుబుక్కు అలవాటు లేదు. ఏ వాక్యం దగ్గర ఏ ఆలోచన పుడితే అక్కడే, అంచులో, చీమ తలకాయంత అక్షరాలతో రాసుకుంటుంది. ఆమె రుజువులోని ఆఖరి మెట్టు అట్లా నలభై ఆకుల అంచుల వెంట పాకింది. ఇంకెక్కడా లేదు. సోమవారం దాన్ని కమిటీ ముందు చెప్పాలి. ఇంటి దగ్గర ప్రశాంతంగా కూర్చుని శుభ్రంగా ఎత్తి రాసుకుందామని వచ్చింది. ప్రశాంతత కోసం ఇంటికి వచ్చే మనుషులు ఇంకా ఉన్నారన్నమాట.

పాత జిగురు ఎండి ఆకులన్నీ విడిపోవడంతో, బుధవారం సాయంత్రం పుస్తకాన్ని తండ్రికిచ్చి "జర కుట్టియ్యి అబ్బా" అంది. కోయొద్దని చెప్పలేదు. అట్లా చెప్పాలని ఎవరికి తోస్తుంది? అన్నం వడ్డించమన్నవాళ్లు కంచం పగలగొట్టొద్దని కూడా చెబుతారా?

పొద్దున్నే, దుకాణాన్ని ఆనుకునే ఉన్న ఇంట్లో, నాష్తా దగ్గర మన్సూర్ పుస్తకాన్ని రెండు చేతులతో తెచ్చి కూతురి ముందు పెట్టాడు. వెన్నుకు న్యూస్‌పేపర్ చుట్టి దారం కట్టి ఉంది.

"తీస్కో బేటా. వెన్ను ఇంకా పచ్చిగుంది, పేపర్ ఇప్పకు. లోపల చూడు, కొత్త పెళ్లికూతురు లెక్కుంటది."

నజియా తెరిచింది. ఒక ఆకు తిప్పింది. పది ఆకులు తిప్పింది. తన రుజువు మొదలైన తొమ్మిదో అధ్యాయం తెరిచి, ఆకు చివర వేలు పెట్టి చూసింది. అచ్చు అక్షరం అయిపోయిన చోటే కాగితమూ అయిపోయింది.

"అబ్బా!"

ఆ కేకకు రోడ్డవతల ముత్తక్క ఉలిక్కిపడింది. ఆ పిల్ల నొప్పికి అరిచిందో, తండ్రిని పిలిచిందో ఆమెకు అర్థం కాలేదు. ఆ క్షణాన నజియాకూ తేడా తెలియలేదు.

"అంచులేవి అబ్బా?"

"ఏం అంచులు?"

"నేను రాసుకున్నయి! పెన్సిల్‌తోని రాసినయి!"

"గవ్వా?" మన్సూర్ నవ్వాడు. "గలీజు గలీజు గీసి పెట్టినవ్ కద. గింత పెద్ద చదువు చదివి, ఒకటో తరగతి పోరగాని లెక్క అంచుల మీద రాతలేంది? అందుకే కత్తి దగ్గరికి జరిపి సాఫ్ కోసిన. ఒక్క గీత మిగల్లే."

"గలీజా? అది నా రుజువు! సోమవారం నేను చెప్పాల్సింది గదే! కుట్టమని ఇస్తే కుట్ర చేసినవ్!"

మన్సూర్ నవ్వు ఆగిపోయింది. "ఏమన్నవ్?"

"కుట్ర అన్న! ఖమ్మం కాలేజీ సారు వచ్చిపోయిన కాడికెల్లి నీ మనసుల ఇదే ఉంది. 'లెక్చరర్ పోస్టు ఖాళీ ఉందంట బేటా, ఇంకెన్నేండ్లు చదువుతవ్' అని ఫోన్ల అడగలే నువ్వు? సోమవారం నా నోరు తెరుచుకోకుంటే నీకు నిమ్మళం. కావాలనే కోసినవ్!"

"నోరు దగ్గర పెట్టుకో నజియా. పోస్టు ఉందని ఆ సారు చెప్పిండు, నీకు చెప్పిన. చెప్పుడు గూడ తప్పేనా? లోకమంతా కంప్యూటర్ చదివి కంప్యూటర్ ముందట కూసుంటది. నువ్వేమో కంప్యూటర్ లేని కంప్యూటర్ చదువు తెస్తివి! అదేం చదువో అడిగితే 'నీకు సమజ్ కాదు అబ్బా' అంటవ్. ఔ, నాకు సమజ్ కాదు!"

"సమజ్ కాకుంటే ముట్టుకోవద్దు! కావాలనే కోసినవా, లేదా? చెప్పు!"

"అవ్!" మన్సూర్ నాష్తా పరిచిన దస్తర్‌ఖాన్ మీంచి లేచాడు. "కావాలనే కోసిన! ఏం జేస్తవ్?"

మూడు దిక్కులా కోసే మనిషి కోపంలో నాలుగో దిక్కు కూడా కోసేశాడు. వెన్ను తెగాక ఏ పుస్తకం నిలుస్తుంది? అట్టలు అతికే ఆ ఇల్లు అట్టుడికిపోయింది. నజియా చేతిలోని రొట్టె ముక్క నేల మీద పడింది.

వంటింట్లోంచి నజియా తల్లి బేగం అట్లకాడతో వచ్చింది. ఈ ఇంట్లో ఆమె గొంతు పెంచడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. అందుకే ఆ గొంతుకు పదును తగ్గలేదు.

"నోర్లు ముయ్యుండ్రి ఇద్దరూ! ఒకరు చెప్పకుండ ఇస్తరు, ఒకరు అడగకుండ కోస్తరు! పోయిందాని కోసం మొత్తుకునేటోళ్లే గానీ, ఏడికి పోయిందో చూసేటోళ్లు ఒక్కరు లేరు! నజియా అబ్బా, కోసిన ముక్కలేడున్నయ్?"

"సంచిల వేసిన."

"సంచేది?"

మన్సూర్ కళ్లు తలుపు దాటి, రోడ్డు దాటి, పొగ వస్తున్న చోట ఆగాయి. "ముత్తక్కకిచ్చిన. పొయ్యి అంటువెట్టుకుంటదని."

నజియా చెప్పులు లేకుండానే పరుగెత్తింది. కొత్తగూడెం బస్సు హారన్ కొట్టింది, డ్రైవర్ తిట్టాడు, ఆమె వినలేదు. ముత్తక్క పొయ్యి ముందు మోకాళ్ల మీద కూలబడి మంటలోకి చూసింది.

"ఏంది బిడ్డా, మంటను గట్ల చూస్తవ్?"

"సంచి, ముత్తక్కా! కాగితం ముక్కల సంచి!"

"గదా? రెండు గుప్పిళ్లు వేసిన. మిగిలింది గా మూలకుంది. మీ నాయన పొద్దుగాల ఇత్తడి అక్షరాలు కాల్చుకుంటానికొచ్చి ఇచ్చిపోయిండు. రోజిచ్చేదే కద."

"ఆ రెండు గుప్పిళ్లల్ల నా రెండేండ్లున్నయి!"

ముత్తక్కకూ కోపం వచ్చింది. "కాగితమని ఇస్తే కాగితమని కాల్చిన. ఏండ్లని ఎవరన్న చెప్పిన్రా? చదువుకున్నోళ్లు మీరు మీరు కొట్లాడుకొని నా పొయ్యి మీద పడ్తరేంది?" అంటూనే ఆ మూలకు పోయి, సంచి మూతి బిగించి, నజియా చంకలో పెట్టింది. "ఏడ్వకు. ముందుగాల లెక్క చూస్కో పో."

నజియా సంచిని దుకాణం నేల మీద బోర్లించింది. వేలెడు వెడల్పు, జానెడు పొడవు ముక్కలు వందల కొద్దీ. హాజరు పట్టీల కత్తిరింపులు కూడా వాటిలోనే కలిసిపోయాయి. రాత ఉంది గాని అది ఏ ఆకుదో తెలియదు. పేజీ నంబర్లు పుస్తకంలో క్షేమంగా ఉన్నాయి, రాత మాత్రం నేల మీద చెల్లాచెదురుగా ఉంది. ఒక ముక్క మీద 'కాబట్టి' అనే గుర్తు ఉంది, దేని కాబట్టో తెలియదు. ఇంకో ముక్క 'పైన చెప్పినట్టు' అంటోంది, పైన ఫ్యాన్ తప్ప ఏమీ లేదు. రుజువంటే వరసే కదా. వరస తప్పితే రుజువు కాస్తా పుకారవుతుంది. నజియా పిడికిలి నిండా ముక్కలు పట్టుకుని, పళ్లు బిగించి, కోపంతోనే ఏడ్చింది.

మన్సూర్ లోపలికి వచ్చాడు. కూతురి వైపు చూడలేదు.

"ఫ్యాన్ బంద్ చెయ్" అన్నాడు, వెనకే వచ్చిన బేగంతో.

నేల మీద కూర్చుని ఒక ముక్క ఏరి, కిటికీ వెలుతురులో దాని అంచును నజియా కళ్ల ముందు పెట్టాడు. "చుక్క కనపడ్తుందా?"

ఆమె కళ్లు తుడుచుకుని చూసింది. కాగితం మందం మీద, ఆవగింజ కన్నా చిన్నగా, నీలం చుక్క.

"ఆకులు ఊడొచ్చిన పుస్తకాన్ని ముందుగాల దొంతర పెట్టి, పక్క మీద నీలం పెన్సిల్‌తోని ఏటవాలు గీత గీస్త. మొదటి ఆకు తల కాడికెల్లి ఆఖరి ఆకు కాళ్ల దాకా. చెయ్యి జారి కింద పడ్డా భయం లే. చుక్క పైనుంటే ముందలాకు, కిందికుంటే ఎనకాకు. చదవనక్కర్లే. హాజరు పట్టీల ముక్కలకు చుక్క ఉండది, అవి పక్కకు పడేయ్."

నజియా ఆ ముక్కను తీసుకుంది. ఇంకోటి తీసి పక్కన పెట్టింది. దాని చుక్క కొంచెం కింద ఉంది. చెల్లాచెదురైన వాటిని వరసలో పెట్టడం గురించి ఆమె పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉంది. ఆ అధ్యాయం అంచులు కూడా ఆమె నింపేసింది. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ పనిని ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క గీతతో చేస్తున్నాడని మాత్రం ఈ ఇంట్లోనే పుట్టి పెరిగీ ఎన్నడూ చూడలేదు.

"కోసినంక గీత గూడ పోతది కద" అంది, కోపం తగ్గకుండానే.

"పోతది. పుస్తకం నిలవడ్డంక దానితోని పనేముంది?"

ఫ్యాన్ ఆపేసిన దుకాణంలో చెమటలు కారుతుంటే ఇద్దరూ చుక్కలు చూస్తూ ముక్కలు పేర్చారు. ఆయన చుక్కల ఎత్తు చూసి వరస పెట్టేవాడు. ఒకటి అరా తారుమారైతే ఆమె చదివి సరిచేసేది. బేగం అన్నం తెచ్చి, "కోపాలు తిని బతుకుతరా, ఇది గూడ తింటరా?" అని అక్కడ పెట్టి పోయింది. మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. మన్సూర్ మసీదుకు వెళ్లి నమాజు చదివి, నేరుగా తిరిగి వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

"కావాలనే కోసిన అన్నవ్ కద" అంది నజియా తలెత్తకుండా.

"నువ్వడిగిన తీరుకు అన్న. కాదంటే నమ్ముతుంటివా?"

ఆమె చేతిలోని ముక్కను దాని చోట పెట్టింది.

"ముప్పై ఏండ్ల సంది అంచు మీదున్నదంతా చెత్తనే అనుకుంట కోసిన బేటా." మన్సూర్ చేతిలోని ముక్కను వెలుతురుకు తిప్పాడు. "ఇది నా బిడ్డ చేతిరాత, ఏం రాసిందో అని ఒక్క నిమిషం గూడ ఆగలే. కత్తి దించిన. గంతే."

నజియా ముక్కలు కింద పెట్టి తండ్రి మణికట్టు పట్టుకుంది. ఆయన బొటనవేలి మీద జిగురు ఎండి పొరలు కట్టి ఉంది. "నేను గూడ చెప్పలే అబ్బా. నాలుగేండ్లల్ల ఏం రాస్తున్ననో ఒక్కపారి చెప్పలే. సమజ్ కాదు అని నేనే అనుకున్న." అప్పుడు వచ్చిన కన్నీళ్లలో కోపం లేదు.

సాయంత్రానికి నలభైలో ఇరవై తొమ్మిది దొరికాయి. పదకొండు ముత్తక్క చాయ్‌లో మరిగిపోయాయి.

"మరెట్ల?" అన్నాడు మన్సూర్.

"ముందుదీ ఎనకదీ దొరికినయి కద. మధ్యది మళ్ల కడ్త. సోమవారం దాకా నిద్ర ఉండది."

మన్సూర్ తల ఊపి, పుస్తకం దగ్గరికి జరుపుకుని, వెన్ను తడిమి చూసి దారం విప్పాడు. న్యూస్‌పేపర్ ఊడి వచ్చింది. ఎర్ర గుడ్డ వెన్ను మీద బంగారు అక్షరాలు: నజియా. పొద్దున ముత్తక్క పొయ్యి మీద కాల్చి ఒత్తినవి.

నజియా వేలితో అక్షరాలను తాకింది. పేరు వెన్ను మధ్యన లేదు, కిందికి జరిగి ఉంది. పేరుకు ముందు రెండు వేళ్ల జాగా ఖాళీగా ఉంది. వెంట్రుకవాసి వంకర ఉన్నా పుస్తకాన్ని విప్పి మళ్లీ కుట్టే మనిషి ఈయన.

"మధ్యన కొట్టలేదేంది అబ్బా? ముందల గింత జాగా ఎందుకిడిసినవ్?"

మన్సూర్ నీలం పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, నేల మీది హాజరు పట్టీల ముక్కలు సంచిలోకి ఎత్తసాగాడు.

"అది నువ్వు నింపాలె. డాక్టర్ అయి రా, ఆ 'డా' అక్షరం గూడ కాల్చి కొడ్త."

నజియా ఆ ఖాళీ మీదే వేలు ఉంచింది.

"నాకు కోపం ఇంకా పోలే" అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ.

"పోవద్దు. సోమవారం దాకా ఉంచుకో, పనికొస్తది."

గుమ్మంలోంచి బేగం అడిగింది: "ఇగనన్న ఫ్యాన్ ఎయ్యొచ్చా?"

"ఆగు!" తండ్రీ కూతుళ్లు ఒక్క గొంతుతో అరిచారు.