ఒంటి చేతి కోటు

పొద్దున్నే మిషను ముందు కూర్చున్న దర్జీ అమ్మ మొహంలో ఎన్నడూ లేని వెలుగు ఉంది. శాసనసభ కమిటీ ముందు రేపు మాట్లాడమని అన్నయ్యే స్వయంగా పిలిచాడు మరి. ఆ పెద్దమనిషి శాసనసభ్యుడు. పన్నెండో తరగతి అయ్యాక పిల్లలు కాలేజీకి వెళ్ళినా, చేతిపని నేర్చుకోడానికి వెళ్ళినా ఫీజు ప్రభుత్వమే కట్టాలని బిల్లు పెట్టాడు. పేద తల్లిగా నాలుగు మంచి మాటలు చెప్పమని చెల్లెల్ని అడిగితే, ఆమె వెంటనే సరేనంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఆయనకి తట్టలేదు.

ఆమె కూతురికి తట్టింది. లిఫ్టులు బిగించే పని నేర్పే సంస్థలో సీటు తెచ్చుకున్న పిల్ల, ఈ బిల్లు గట్టెక్కితేనే చేరగలదు. తల్లి కాజాలు కుడుతూ గొణుక్కుంటున్నది విని పక్కనొచ్చి కూర్చుంది.

"నీ నర్సింగు సీటు మామయ్య మింగేశాడని అందరి ముందూ చెప్తావా అమ్మా?"

"చెప్తాను. నర్సింగు కాలేజీవాళ్ళు ఫోన్ చేస్తే, పెళ్ళి కుదిరింది, మా చెల్లెలు రాదన్నాడు. నాతోనేమో పరీక్ష తప్పావన్నాడు. నాకు కట్టాల్సిన డబ్బుతో తను లాయరయ్యాడు. మొన్న యూనిఫాం కుట్టించుకోడానికొచ్చిన ఆ కాలేజీ పెద్ద నర్సు చెప్పేదాకా నాకు తెలీనే లేదు. ఇన్నేళ్ళూ నేను మొద్దుదాన్ననుకుని బతికానే. నలుగురిలో వాడు తల దించుకుంటేగానీ నా కడుపుమంట చల్లారదు."

"మామయ్య పరువు పోతే బిల్లూ పోతుంది. కమిటీలో వద్దనేవాళ్ళు సగంమంది ఉన్నారు. మరి నా సీటు?"

"పోతే పోనీ. మిషను నేర్చుకో."

అనేసింది. అన్నాక సూది ఆగిపోయింది. కూతురు ఏడవలేదు, వాదించలేదు, గోడవైపు తిరిగి కూర్చుంది. పరీక్ష తప్పావని అన్నయ్య చెప్పిన రోజు తనూ అలాగే కూర్చుంది. అన్నయ్య మీద కసితో అన్నయ్య చేసిన పనే తనూ చేయబోతోంది. సిగ్గుతో ఆమె కుంచించుకుపోయింది. కసి మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

అంతలో అన్నయ్య కోటు సరిచూసుకోడానికి వచ్చాడు. రేపటికి కొత్త కోటు కావాలట మహారాజుకి. ఆమె తొడిగింది. ఒక చెయ్యే అతికి ఉంది, మిగతాదంతా గుండుసూదులే. నడుము చుట్టూ ఇంకో పిడికెడు గుచ్చింది.

"కదలకు అన్నయ్యా, గుచ్చుకుంటాయి. రేపు నేను మాట్లాడను. నా సీటు ఎలా పోయిందో నీ నోటితో నువ్వే చెప్పు."

ఆయన మొహం పాలిపోయింది. "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా," అంటూ కూర్చోబోయి, సూదులు దిగి, చటుక్కున లేచాడు.

"నువ్వు చెప్తే, తప్పు దిద్దుకుంటున్నాడంటారు. నేను చెప్తే దొంగంటారు. ఏది కావాలో తేల్చుకో. అందాకా ఒక్క సూది కూడా తీయను."

ఒంటి చేతి కోటుతో వీధిలోకి పోలేక, కూర్చోలేక, ఆయన నిలబడే చెమటలు కక్కాడు. మేనకోడలు మంచినీళ్ళు ఇవ్వబోతే తల్లి గ్లాసు లాక్కుంది. చివరికి, "చెప్తాను తల్లీ," అన్నాడు.

మర్నాడు కమిటీ ముందు చెప్పాడు. "మా ఇంట్లో ఒక్కరి ఫీజుకే డబ్బుంది. చెల్లెలితో అబద్ధం చెప్పి ఆ చదువు నేను చదువుకున్నాను. ఇలాంటి చట్టం ఆనాడు ఉంటే ఇద్దరం చదివేవాళ్ళం. కానీ తప్పు నాదే." వద్దన్నవాళ్ళలోనే ముగ్గురు ఇటువైపు చేతులెత్తారు. కమిటీలో బిల్లు గట్టెక్కింది. కూతురు తల్లిని వాటేసుకుంది.

బయట వరండాలో అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడైనా నీ మంట చల్లారిందా?"

"లేదు," అంది ఆమె. అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్ళు ఒక్కసారి నిండాయి. "పరీక్ష తప్పానని ఏడుస్తుంటే, ఆ రోజు నాకు అన్నం తినిపించింది నువ్వే కదా అన్నయ్యా. సీటు సంగతి మర్చిపోగలను. ఆ ముద్దలు ఎలా మర్చిపోను?"

ఆయన అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.