తిరిగివ్వాల్సిన తేదీ

ఫిలింనగర్ గుట్ట మీద, నిర్మాత వీరరాఘవయ్య కట్టించిన భవనం కింది అంతస్తులో ఆ గ్రంథాలయం ఉండేది. ముప్పై ఇనుప కుర్చీలు, ఆరు బీరువాలు, పాత జిగురు వాసన. గోడల మీది నినాదాలన్నీ దాన్ని నడిపే సత్యవతి స్వయంగా రాసినవే. అన్నిటికన్నా పెద్దది, ఎర్రగా: "అక్షరం అమ్ముడుపోదు."

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, ఆగస్టు. నవలా రచయిత్రి శేషారత్నం జీవితం, రచనల మీద వారం రోజులుగా జరుగుతున్న సభలకు ఆ సాయంత్రం ముగింపు. ఆవిడ పోయి పదకొండేళ్ళు. పద్నాలుగు నవలలు రాసినా, బతికుండగా ఒక్కరు పిలిచి ఒక్క శాలువా కప్పలేదు. ఆ సిగ్గు కడగాలని సత్యవతి వేదిక మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వేసి, దానికి నేరేడుపండు రంగు శాలువా కప్పింది. "ఇది ఆవిడ కుర్చీ. ఎవరూ కూర్చోవద్దు," అని మొదటిరోజే చెప్పింది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తెలుగు ఎమ్మే. పట్టిన పని వదలదు. శేషారత్నం చెల్లెలు సీతామహాలక్ష్మి మధురానగర్‌లో ఉంటుందని తెలుసుకుని, నాలుగుసార్లు తిరిగి, చివరికి మూడు నోటుబుక్కులు సంపాదించింది. అచ్చుకాని ఆఖరి నవల. ఊదారంగు సిరా. పేజీ తిప్పితే లవంగం వాసన.

"అక్కకి పంటినొప్పి. బుగ్గన లవంగం పెట్టుకునే రాసేది," అంది ముసలావిడ.

శేషారత్నం ఇరుగుపొరుగు ఆడవాళ్ళ కోసం ఇంట్లోనే చిన్న లైబ్రరీ నడిపిందట. చీటీ అంటించకుండా, సంతకం తీసుకోకుండా పుస్తకం గడప దాటనిచ్చేది కాదు. ఈ నోటుబుక్కుల వెనకా చీటీలున్నాయి. సత్యవతి మూడింటి మీదా సంతకం పెట్టింది.

"తిరిగివ్వాల్సిన తేదీ, పిన్నిగారూ?"

"అది అక్కే వేసేది. ఖాళీగా వదిలెయ్. కానీ అమ్మాయ్, ఎవరు సంతకం పెడితే వాళ్ళే తెచ్చివ్వాలి. మూడో చేతికి వెళ్ళకూడదు. ఆ ఒక్క విషయంలో అక్క రాక్షసి."

సత్యవతి నవ్వింది. "పుస్తకం ప్రజల ఆస్తి, పిన్నిగారూ!"

"ప్రజలు అట్టలు చింపుతారే తల్లీ."

జరగబోయే సభల్లో ఆఖరిరోజు మొదటి అధ్యాయం శేషారత్నం పేరుతో చదివిస్తానని మాటిచ్చి వచ్చింది. తెచ్చిన వారంలోనే నోటుబుక్కులు తీసుకెళ్ళి అచ్యుతరామయ్య మాస్టారి చేతిలో పెట్టింది. అన్యాయం మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు నేర్పిన మనిషాయన. గోడ మీది నినాదాలన్నీ ఆయన నోటివే. చదివి ఇస్తానన్నాడు. రెండు నెలలైంది, ఇంకా తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. అయినా కుర్చీలు నిండాయి. వీరరాఘవయ్య మైకు అందుకున్నాడు.

"ఇదే శుభవేదిక మీద మా కొత్త సినిమా ప్రకటిస్తున్నా. కథ, మాటలు మన అచ్యుతరామయ్యగారు!"

నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టిన స్క్రిప్టు ఫైలు తెరిచి, మొదటి వాక్యం చదివాడు.

"వాళ్ళు నన్ను పిలిచేసరికి నేను తలుపు దగ్గరే ఉన్నాను."

ఆ వాక్యం సత్యవతికి కంఠతా వచ్చు. ఊదారంగులో.

వేదిక పక్కకు వెళ్ళి గుసగుసగా అడిగింది. "మాస్టారూ... అది ఆవిడ నవల."

"కూర్చో, సత్యా. జనంలోకి వెళ్ళాలంటే సినిమానే దారి. పేరు కోసం పాకులాడ్డం బూర్జువా జబ్బు. నేనే కదా నేర్పాను నీకు?"

"నోటుబుక్కులేవి?"

"ఫెయిర్ కాపీ అయ్యాక పాతకాగితాలెందుకు? తగలెట్టించాను."

ఎంత మామూలుగా అన్నాడు! చలికాచుకోవడానికి చితుకులు తగలెట్టినట్టు. గోడ మీది ఎర్రక్షరాలు ఆమె వైపే చూస్తున్నాయి.

రచయితను సన్మానించాలి. తెచ్చిన శాలువాలు అయిపోయాయి. ఈ ఊళ్ళో ఒకే శాలువా ఇరవై భుజాలు తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. వీరరాఘవయ్య చెయ్యి చాచి, ఖాళీ కుర్చీ మీది శాలువా లాగి, అచ్యుతరామయ్య భుజాల మీద కప్పాడు. చప్పట్లు.

కరెంటు పోయింది.

మొదట అందరూ నవ్వారు. తర్వాత ఎందుకో నవ్వు ఆగింది. బయట వాన. లోపల... లవంగం వాసన. సన్నగా మొదలై గొంతులో మంట పుట్టేంతగా. దాని వెనకే ఇంకో చప్పుడు. గరగర... గరగర... కాగితం మీద పాళీ నడుస్తున్నట్టు.

"నర్సింహా, టార్చి వెయ్యి," ఎవరో అన్నారు.

వాచ్‌మన్ నర్సింహ టార్చి వేశాడు. వెలుగు వేదిక మీద పడింది.

శాలువా మళ్ళీ ఖాళీ కుర్చీ మీద ఉంది. వేలాడటం లేదు. రెండు భుజాల మీద నిలిచినట్టు నిలబడి ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"అమ్మా... గాడ ఎవలో కూసున్నరు," నర్సింహ గొణిగాడు.

కుర్చీ పక్కన అచ్యుతరామయ్య గొంతు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట లేదు. తెరిచినప్పుడు కనిపించింది... నాలుక మొదలంటా ఊదారంగు.

కరెంటు వచ్చేసరికి శాలువా మామూలుగా జారి ఉంది. ఆయన్ని ఆసుపత్రికి మోసుకుపోయారు. సత్యవతి వెంట వెళ్ళలేదు. వానలో గుట్ట దిగి రహమత్ నగర్‌లోని ఇంటికి నడిచింది. ఏడుపు రాలేదు. నినాదాలు చెయ్యలేని న్యాయం చచ్చిపోయిన మనిషి చేసింది అనుకుంది. ఆ మాటతో కాస్త ఊపిరి ఆడింది.

ఇంట్లో ఎవరూ లేరు. తల్లి సరోజమ్మ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. లోపల గడియపెట్టి, తల తుడుచుకుందామని సంచిలోంచి తువ్వాలు తీసింది. దానితోపాటు ఒక చీటీ రాలింది.

అంచులు కాలిన చీటీ. తీసుకున్నవారు: సత్యవతి. తన సంతకమే. మాస్టారి పేరు ఎక్కడా లేదు.

ఖాళీగా వదిలిన గడి ఇప్పుడు ఖాళీగా లేదు. అందులో ఈరోజు తేదీ ఉంది. వేలు ఆనించింది. సిరా ఇంకా తడిగానే ఉంది...

"నా దగ్గర లేవు," అంది మెల్లగా. "నేను కాదు... ఆయన..."

లవంగం వాసన వచ్చి, తలుపు దగ్గర ఆగింది. గడియకు ఇవతల.